మూలలో వదలాల్సిన దారి

పొద్దున తొమ్మిది కాగానే ఆ మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలవుతుంది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు మూడో అంతస్తుకు ఎక్కుతారు. ఒకామె కోడలి మీద కోపం చెబుతుంది, ఇంకొకామె పంటినొప్పి చెబుతుంది, మరొకామె ఎవరి మాటా వినిపించుకోకుండా తన గోడు వెళ్ళబోసుకుంటుంది. పైకి చేరాక ఫోన్లు మెట్ల దగ్గరున్న రేకుపెట్టెలో వేసి, చెప్పులు విడిచి, గదిలోకి వెళ్ళి ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుంటారు. తొమ్మిదింబావుకి గది బయట ఇనప గ్రిల్ తలుపు మూసుకుంటుంది. తాళంకప్ప టక్కున పడుతుంది. ఆ చప్పుడుకి పద్నాలుగు నోళ్ళూ ఒక్క క్షణం ఆగుతాయి. తర్వాత మళ్ళీ కోడలూ పంటినొప్పీ మొదలవుతాయి.

నేను చెప్పబోయేది ఆ ఒక్క క్షణం గురించే. మీ ఇంట్లో సోఫా మీదో, టీవీ మీదో తెల్లదారంతో అల్లిన గుడ్డ ఒకటి ఉండే ఉంటుంది. దాని మధ్యలో పువ్వునీ, చుట్టూ ఉన్న చిల్లుల్నీ వేలితో తడిమి, ఎంత ఓపికో పాపం అని అనుకునే ఉంటారు. దాన్ని అల్లిన మనిషి ఏ గదిలో కూర్చుందో, ఆ గదిలోంచి బయటపడే దారి ఎటుందో మనం ఎవరమూ అడగం. నేనూ అడగలేదు. అడగకపోవడం తప్పని ఇప్పుడు తెలిసింది కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

ఆ పద్నాలుగు మందిలో ఒకామెను అందరూ పిచ్చుక అంటారు. సన్నగా ఉంటుంది, చిన్న చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. ముప్పై ఏళ్ళ మనిషి. ఎవరైనా వెనకనుంచి "ఏమే" అంటే చాలు, చేతిలో దారపు ఉండ కింద దొర్లిపోతుంది. అప్పుడు గదంతా నవ్వులు. పిచ్చుక కూడా నవ్వేస్తుంది. ఆమె తల్లి కూడా అదే గదిలో పనిచేస్తుంది. తల్లికి మోకాళ్ళు అరిగిపోయాయి. మూడంతస్తులు ఎక్కడానికి ఆమెకు పావుగంట పడుతుంది, దిగడానికి అంతకంటే ఎక్కువ. కూతురు ఒక చేత్తో తల్లినీ, ఇంకో చేత్తో క్యారేజీనీ పట్టుకుని ఎక్కిస్తుంది. తల్లి కుర్చీ మాత్రం తలుపుకు దూరంగా, గది చివరి మూలన, కిటికీ కింద ఉంటుంది. అక్కడ వెలుతురు బాగుంటుందని ఆవిడే కోరుకుంది.

వాళ్ళు చేసేది క్రోషియా పని. కొక్కెమున్న చిన్న ఉక్కు సూది, తెల్లదారం, గోడకు అంటించిన గళ్ళ కాగితం, అంతే సరంజామా. చదరాన్ని మధ్యలో మొదలుపెట్టి చుట్టూ అల్లుకుంటూ పోవాలి. ఒక్కో చుట్టుకీ అది పెరుగుతుంది. కాగితం మీద తెల్లగా ఉన్న గడి దగ్గర చిల్లు వదలాలి, దాన్ని ఖాళీ గడి అంటారు. నల్లగా ఉన్న చోట దారంతో పూడ్చాలి, అది నిండు గడి. ఖాళీలూ నిండులూ సరిగ్గా పడితే పది చుట్లు పూర్తయ్యేసరికి నాలుగు రేకుల పువ్వు తేలుతుంది. అలాంటి తొంభై చదరాలు కలిపి కుడితే ఒక దుప్పటి. ఒక హోటలువాళ్ళు పన్నెండు దుప్పట్లు కావాలన్నారు. ఊపిరి సలపని పని.

ఈ పనిలో ఒక్క రహస్యం ఉంది. ప్రతి చుట్టులోనూ నాలుగు మూలలా గొలుసు అల్లి కాస్త దారి వదలాలి. వదలకపోతే చదరం బల్ల మీద చదునుగా పడుకోదు. అంచులు లేచి గిన్నెలా ముడుచుకుంటుంది. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ పెద్దమ్మ మొదటి రోజు చెప్పే మాట ఇదే. "పువ్వు తప్పితే విప్పి సరిచేసుకోవచ్చు తల్లీ. మూల దారి మూశావంటే మాత్రం మొత్తం చెడుతుంది. గుర్తుపెట్టుకో."

పెద్దమ్మ అంటే ఆ పద్నాలుగు మందీ అల్లినవాటి కొలతలు చూసే ఆవిడ. డెబ్బైకి దగ్గర పడింది. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుంది. ఒళ్ళో చెక్క చట్రం ఉంటుంది, దాని నాలుగు మూలలా నాలుగు మేకులు. అల్లిన చదరం ఆ నాలుగు మేకులకూ సరిగ్గా అందాలి. అందితే చీటీ మీద అల్లినామె నంబరూ తేదీ రాసి పక్కన పెడుతుంది. అందకపోతే ఒక్క చూపు చూస్తుంది. ఆ చూపుకు యజమాని కూడా తడబడతాడు. ఎందుకంటే ఈ పని మొదలుపెట్టింది ఆయన తల్లి. తన ఇంటి వరండాలో ఆరుగురిని కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆ ఆరుగురిలో పెద్దమ్మ ఒకతె. ఈ యజమాని అప్పుడు చిన్నపిల్లాడు, వాళ్ళ మధ్యన కూర్చుని గొలుసులు అల్లేవాడు.

పని వరండానుంచి ఈ గదికి మారాక కూడా అన్నేళ్ళూ దీనికి తాళం లేదు. హోటలు పని వచ్చాకే వచ్చింది. ఒకరోజు యజమాని పైకి వచ్చి నిలబడే చెప్పాడు.

"పని మధ్యలో కిందికీ పైకీ తిరుగుతున్నారు. టైము పోతోంది. పైగా ఎవరెవరో మెట్లెక్కి వస్తున్నారని మేస్త్రి చెప్పాడు. ఆడవాళ్ళుండే చోటు. రేపటినుంచి గ్రిల్ కి తాళం వేయిస్తున్నా. బాత్రూము లోపలే ఉందిగా. మీ మంచికే చెబుతున్నా."

మీ మంచికే! ఈ మాట విన్నాక ఎవరు మాత్రం ఏమంటారు? అందరూ తలూపారు. ఒకరిద్దరు "నిజమే సార్, మాకూ భయం ఉండదు" అని కూడా అన్నారు.  మర్నాడు మొదటిసారి తాళంకప్ప చప్పుడు విన్నప్పుడు పిచ్చుక చేతిలోంచి ఉండ జారి గ్రిల్ దాకా దొర్లిపోయింది.

ఆ రోజునుంచి ఆమె కళ్ళకు గది మారిపోయింది. ఇన్నాళ్ళూ వెలుతురిచ్చే కిటికీల్లో ఇప్పుడు ఇనప చువ్వలే కనిపించాయి. ఇస్త్రీ బల్ల మీద నల్లగా కాలిన మచ్చ కనిపించింది. చదరాలను ఆవిరి పట్టి సాగదీసే ఇస్త్రీపెట్టె వైరు ఒకచోట చిరిగి ఉండటం కనిపించింది. కింద రెండో అంతస్తులో కుర్చీల మెత్తలకు వాడే స్పాంజి పైకప్పుదాకా పేర్చి ఉంటుందని అందరికీ తెలిసిందే. ఆ సంగతి ఇప్పుడు ఆమెకు నిమిషానికోసారి గుర్తొచ్చేది. తలుపునుంచి అమ్మ కుర్చీకి ఎన్ని అడుగులో లెక్కపెట్టింది. తనకు పద్దెనిమిది. అమ్మకు నలభై, అది కూడా ఎవరైనా పట్టుకుంటే.

"అమ్మా, నువ్వు తలుపు పక్కకి మారవే."

"అక్కడ చీకటే తల్లీ. నాకు గళ్ళు కనిపించవు."

"నేను చెబుతాలే నీకు ఏ గడి ఎక్కడో."

"నువ్వు చెబితే నేను అల్లేది దుప్పటి కాదు, చేపల వల" అని తల్లి నవ్వేసింది.

పిచ్చుకకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం క్యారేజీలు కడుక్కునే వేళ గ్రిల్ దగ్గరికి వెళ్ళి, బయట స్టూలు మీద కూర్చున్న మేస్త్రిని అడిగింది.

"అన్నా, తాళంచెవి ఎక్కడ పెడతావు?"

"నా జేబులో. ఎందుకూ? దొంగిలిస్తావా ఏంటి?"

"నువ్వు ఎటైనా వెళితే?"

"నాతోపాటే వస్తుంది. దానికి నేనంటే ప్రాణం" అని మేస్త్రి పకపకా నవ్వాడు. చెడ్డవాడు కాదు. టీ అంటే పడి చస్తాడు, అంతే. రోజుకు నాలుగుసార్లు సందు చివర కొట్టుకు వెళతాడు. వెళ్ళిన ప్రతిసారీ తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది.

పిచ్చుక చదరాలు చిన్నవి కావడం అప్పుడే మొదలైంది. అదే దారం, అదే సూది, అవే పది చుట్లు. చట్రంలో పెడితే మాత్రం మేకులకు వేలెడు తక్కువ. పెద్దమ్మ మొదట చూపుతో సరిపెట్టింది. మూడో రోజు దగ్గరికి పిలిచింది.

"ఏమిటే ఇది? పోగు ఎందుకలా బిగిస్తున్నావు? సూది కూడా దూరనివ్వడం లేదు నీ గడి. చేతికేమైనా జబ్బు చేసిందా?"

"ఏం లేదు పెద్దమ్మా. రేపటికి సర్దుకుంటుంది."

ఏం లేదట!  చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ చెబితే పిరికిదంటారు. యజమాని చెవిన పడితే, భయమైతే ఇంట్లో కూర్చో అంటాడు. తనతోపాటు అమ్మ కూడా కూర్చోవాలి. ఈ మోకాళ్ళతో అమ్మకు ఇంకెవరు పనిస్తారు? అందుకని పిచ్చుక మాట మింగేసి, చిన్న చదరాలను విప్పి మళ్ళీ అల్లింది. మళ్ళీ చిన్నవే వచ్చాయి. ఇస్త్రీలో సాగుతాయిలే అని పెద్దమ్మ వాటికే చీటీలు రాసింది.

తాళం పడ్డ పదో రోజు, పొద్దున పదకొండు గంటలప్పుడు వాసన వచ్చింది.

మొదట పసిగట్టింది పిచ్చుకే. రబ్బరు కాలుతున్న వాసన. తల ఎత్తింది. గ్రిల్ బయట మెట్ల మీదుగా బూడిదరంగు పొగ పైకి వస్తోంది. ఆమె అరవాలనుకుంది. ఈలోపే పక్కామె చూసి "పొగ! అమ్మో పొగ!" అని కేక పెట్టింది. అంతే, కుర్చీలు పడ్డాయి, ఉండలు దొర్లాయి, అందరూ గ్రిల్ మీద పడ్డారు. చువ్వలు పట్టుకుని ఊపారు. "మేస్త్రీ! మేస్త్రన్నా!" స్టూలు ఖాళీగా ఉంది. ఫోన్లు బయట రేకుపెట్టెలో ఉన్నాయి. ఒకామె చువ్వల సందులోంచి చెయ్యి చాపింది. పెట్టెకు ఇంకా మూరెడు దూరం. పంటినొప్పి ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తి సందులోకి అరిచింది. కింద వెళ్ళే ఒకాయన తల ఎత్తి చూసి, ఆడవాళ్ళు పోట్లాడుకుంటున్నారనుకున్నాడో ఏమో, నవ్వుకుంటూ పోయాడు.

పిచ్చుక గ్రిల్ వైపు వెళ్ళలేదు. అమ్మ దగ్గరికి పరుగెత్తింది. తల్లి లేవబోయి, కాళ్ళకు దారం చుట్టుకుని మళ్ళీ కుర్చీలో కూలబడింది. కూతురు కింద కూర్చుని ఆ దారాన్ని పళ్ళతో కొరికింది.  తల్లి ఆమె తల మీద చెయ్యి వేసి మెల్లగా అంది.

"నువ్వు తలుపు దగ్గరుండు తల్లీ. తెరవగానే ముందు నువ్వెళ్ళు. నా కోసం ఆగకు."

అంటే అమ్మకూ తెలుసు! ఇన్నాళ్ళూ చేపల వల అని నవ్విన మనిషి, అన్నీ ఎప్పుడో లెక్కేసుకుని కూర్చుంది. పిచ్చుక చివాలున లేచింది. "నోర్ముయ్యి అమ్మా" అని తల్లిని జీవితంలో మొదటిసారి కసిరి, ఆమెను రెండు చేతులా లేవదీసింది.

మేస్త్రి వచ్చేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. కింద నీళ్ళ మోటారు కాలిపోయిందట. ఎవరో కరెంటు తీసేశారు, పొగ దానంతట అదే తగ్గింది. ఆయన తాళం తీసి, దగ్గుతూ ఏడుస్తూ ఉన్న పద్నాలుగు మందినీ చూసి తెల్లబోయాడు. తర్వాత తేరుకుని ఒక మాట అన్నాడు.

"ఏమీ కాలేదుగా! మోటారేగా!"

సాయంత్రం ఫోనులో యజమాని కూడా అదే అన్నాడు. ఇళ్ళకు వెళ్ళి చెబితే మొగుళ్ళూ పిల్లలూ అదే అన్నారు. ఏమీ కాలేదుగా. ఈ మాట ఎంత సుఖంగా ఉంటుందో చూడండి. దీని మీద తలపెట్టుకుని ఊళ్ళకు ఊళ్ళే నిద్రపోతాయి. మర్నాడు తొమ్మిదింబావుకి తాళంకప్ప మళ్ళీ పడింది. ఆ రోజు మాత్రం మాటలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలవ్వలేదు. మధ్యాహ్నందాకా ఎవరూ మాట్లాడలేదు.

పొగ వచ్చిన రోజున పిచ్చుక ఒక చదరం సగంలో వదిలింది. మర్నాడు దాన్నే పూర్తిచేసి ఇచ్చింది. పెద్దమ్మ దాన్ని చట్రంలో పెట్టబోతే అది పడుకోలేదు. గిన్నెలా లేచి కూర్చుంది. నాలుగు మూలలా దారి మూసుకుపోయి ఉంది. ఎనిమిదేళ్ళుగా అల్లుతున్న మనిషి, మొదటి రోజు నేర్చుకున్న పాఠం మరిచిపోయింది.  పెద్దమ్మ చీటీ రాసి, దాన్ని తన సంచిలో వేసుకుంది.

రెండు వారాల తర్వాత మొదటి దుప్పటి కలిపి కుట్టారు. బల్ల మీద పరిస్తే ఒక వైపు నిండుగా, ఇంకో వైపు కుదించుకుపోయి, మధ్యలో ముడతలు. మంచానికి ఏ మూలా సరిపోదు. కబురు వెళ్ళిన గంటకు యజమాని మెట్లెక్కి వచ్చాడు. మేస్త్రి తాళం తీసి ఆయన్ని లోపలికి పంపాడు.

"ఏమిటిది? ఎవరు మార్చారు సూదులు?" ఆయన ముఖం కందగడ్డలా ఉంది. "హోటలువాళ్ళకి ఏం చెప్పమంటారు నన్ను? పెద్దమ్మా, మీరెలా ఒప్పుకున్నారు ఇలాంటివి?"

"ఇస్త్రీలో సాగదీస్తే సరిపోతుందనుకున్నా బాబూ. నా తప్పే."

ఆయన చీటీలు తిరగేశాడు. చిన్నవాటి మీద అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది పిచ్చుక నంబరు.

"నీతోనే మొదలైందన్నమాట. నిన్ను చూసి మిగతావాళ్ళు. రేపటినుంచి నువ్వు రావద్దు. మీ అమ్మ కూడా."

 ఏ మాటకు పిచ్చుక ఇన్నాళ్ళూ భయపడి పెదవి బిగించిందో, ఆ మాట రానే వచ్చింది. మూలన అమ్మ సూది కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేవడానికి సిద్ధపడుతోంది. అమ్మ అలా లేవబోవడం చూడగానే పిచ్చుక నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"తాళం సార్."

"ఏమిటి?"

"తాళం వేసినప్పటినుంచే సార్. నాకు చెయ్యి వదులు కావడం లేదు. అమ్మ గబగబా మెట్లు దిగలేదు సార్. పొగ వచ్చినా దిగలేదు. ఒక్కో గడికీ తలుపు వైపు చూస్తున్నాను. దారం దానంతట అదే బిగుసుకుపోతోంది. నేను కావాలని చెయ్యలేదు సార్." 

"భయానికి గుడ్డ కురచైపోతుందా? ఎవరికి చెబుతావమ్మా ఈ కథలు!"

అప్పుడు పెద్దమ్మ లేచింది. దుప్పటి పక్కకు తోసి, ఇంకా కుట్టని చదరాలను తెచ్చి తేదీల వరసన బల్ల మీద పేర్చింది. తాళం పడకముందు అల్లినవి చట్రంలో పెట్టి చూపించింది. నాలుగు మేకులకూ అందాయి. తాళం పడ్డాక వచ్చినవాటిలో పిచ్చుకవీ, ఇంకో ఇద్దరివీ తక్కువ. పొగ వచ్చిన మర్నాటినుంచి పద్నాలుగు మందివీ తక్కువే. ఒక్కటి కూడా మేకుకు అందలేదు.

"నువ్వు తాళం ఏ రోజు వేశావో నేను చెప్పక్కర్లేదు బాబూ. ఈ బల్లే చెబుతోంది."

యజమాని చట్రం లాక్కుని ఒకటి తనే పెట్టి చూశాడు, అందలేదు. కానీ పౌరుషం ఊరుకోనివ్వదుగా. "ఇలా ఇవ్వండి సూది" అన్నాడు. "అమ్మ దగ్గర నేనూ నేర్చుకున్నా. ఇదే గదిలో, ఇదే దారంతో అల్లి చూపిస్తా. చేతికీ తలుపుకీ ఏం సంబంధమో నేనూ చూస్తా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మరిచిపోలేదు. మధ్యలో గొలుసు ముడి, మొదటి చుట్టు, రెండో చుట్టు చకచకా పడ్డాయి. నాలుగు మూలలా దారి కూడా వదిలాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ పెదవుల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది.

మూడో చుట్టు మొదలుపెట్టాడో లేదో, గుప్పుమని మాడు వాసన. అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. గొడవలో ఇస్త్రీపెట్టెను బల్ల మీద బోర్లా వదిలేశారు, కింద గుడ్డ మాడుతోంది. సన్నగా పొగ లేచింది. పెద్దమ్మ వెళ్ళి ప్లగ్గు పీకి, గుడ్డ మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించింది. అంతవరకే. కానీ యజమాని అప్పటికే గ్రిల్ దగ్గర ఉన్నాడు. చువ్వలు పట్టుకుని లాగుతున్నాడు.

తాళం వేసి ఉంది. అలవాటు ప్రకారం మేస్త్రి ఆయన్ని లోపలికి పంపి, తాళంకప్ప నొక్కి, టీకి వెళ్ళాడు.

"మేస్త్రీ! ఏయ్ మేస్త్రీ!" యజమాని తన ఫోను తీసి కలిపాడు. గ్రిల్ బయట స్టూలు మీద మేస్త్రి వదిలివెళ్ళిన ఫోను హాయిగా పాట పాడింది. ఎవరూ నవ్వలేదు. రెండో తాళంచెవి ఆయన ఇంట్లో ఉంది, ఇల్లు గంట దూరం. ఆయన చువ్వలు వదిలి కిటికీ వైపు చూశాడు. అక్కడా చువ్వలే. చొక్కా కాలరు తడిసిపోయింది.

"ఏమీ కాలేదు బాబూ" అంది పెద్దమ్మ నెమ్మదిగా. "గుడ్డేగా మాడింది. వచ్చి కూర్చో. మిగతా చుట్లు అల్లు."

ఆయన వచ్చి కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక సూది అందుకున్నాడు. రెండు గడులు వెయ్యడం, తలుపు వైపు చూడటం. మళ్ళీ రెండు గడులు, మళ్ళీ తలుపు.  మూలన పిచ్చుక తల్లి లేవబోయి మానేసి, మోకాళ్ళు నిమురుకుంటోంది. ఆయన చూపు ఆ మోకాళ్ళ మీద పడింది. అక్కడినుంచి తలుపుదాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆ దూరాన్ని ఆయన మొదటిసారి కొలిచాడు.

నాలుగో చుట్టు ముగించి ఆయన దాన్ని బల్ల మీద పెట్టాడు. అది పడుకోలేదు. అంచులు పైకి లేపి, చిన్న గిన్నెలా కూర్చుంది.

పెద్దమ్మ తన సంచిలోంచి ఇంకో చదరం తీసింది. పొగ వచ్చిన రోజు పిచ్చుక సగంలో వదిలి, మర్నాడు పూర్తి చేసినది. దాన్ని ఆయన అల్లిన దాని పక్కన పెట్టింది. రెండూ ఒక్కలాగే ముడుచుకుని ఉన్నాయి.

"మూల దారి వదల్లేదు బాబూ" అంది.

ఆయన తన చదరం అంచును వేలితో నొక్కాడు. వదలగానే అది మళ్ళీ లేచింది.

"నేనూ తప్పు చేశాను" అంది పెద్దమ్మ.  "ఈ పిల్ల చదరాలు చిన్నవవుతుంటే చేతికి జబ్బా అని అడిగాను కానీ, దేనికి భయపడుతున్నావని అడగలేదు. నాకూ తెలుసు. నాకూ రోజూ ఆ చప్పుడు వినగానే గుండె దడ. డెబ్బై ఏళ్ళొచ్చినా, పని పోతుందేమోనని నోరు మూసుకున్నాను. మీ అమ్మ మాకు వరండాలో నేర్పింది బాబూ. దానికి తలుపే లేదు. దారపు పోగు కూడా నాలుగు మూలలా దారి ఉంటేనే చదునుగా ఉంటుందని చెప్పింది. ప్రాణమున్న మనుషుల్ని కూర్చోబెట్టే గదికి ఒక్క దారి కూడా వదలకపోతే ఎలా?"

మేస్త్రి మెట్లెక్కుతూ ఈలవేస్తున్న చప్పుడు వినిపించింది. లేచి గ్రిల్ దగ్గరికి వచ్చిన యజమానిని చూసి ఈల పెదవుల మీదే ఆగిపోయింది. తాళం తీశాడు. యజమాని తాళంకప్పను చేతిలోకి తీసుకుని, "వెల్డింగు పనాయన్ని పిలుచుకురా. ఈ గ్రిల్ ఇవాళే ఊడదీయించు. ఇస్త్రీ వైరు మార్పించు. ఆ ఫోన్లపెట్టె లోపల పెట్టించు" అన్నాడు. తర్వాత మూలనున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి ఆగాడు.  "మీకు తలుపు పక్కన లైటు పెట్టిస్తానమ్మా. రేపు ఇద్దరూ రండి" అన్నాడు.

ఆయన్ని మెచ్చుకోమని నేను అడగడం లేదు. వేయకూడని తాళం తీయడం గొప్ప సంగతేమీ కాదు. హోటలువాళ్ళ దుప్పట్లు నెల ఆలస్యమయ్యాయి. ఆ మాటలు ఆయనే పడ్డాడు, పడాల్సిందే.

ఆ మర్నాడు తొమ్మిదింబావుకి ఏ చప్పుడూ కాలేదు. అయినా పద్నాలుగు మందీ అలవాటుకొద్దీ ఒక్క క్షణం ఆగారు. భయం గ్రిల్ లాంటిది కాదు, ఒక్క పూటలో ఊడదీయడానికి. చేతులు వదులవ్వడానికి రోజులు పట్టింది. అందరికంటే చివర పిచ్చుకకు, పద్దెనిమిదో రోజున. ఆ రోజు ఆమె చదరం నాలుగు మేకులకూ అందింది. పెద్దమ్మ చీటీ రాస్తూ కళ్ళజోడు తుడుచుకుంది. తలుపు పక్కన కొత్త లైటు కింద కూర్చున్న తల్లి, "చేపల వల కాకుండా దుప్పటే వచ్చిందే!" అంది. పిచ్చుక ఈసారి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

అయ్యా, అమ్మా, ఇది ఒక్క గది కథ కాదు. పనిమనిషిని లోపల ఉంచి బయట తాళం వేసుకుని ఊరెళ్ళే ఇళ్ళున్నాయి. కాపలా ఖర్చెందుకని కార్మికుల్ని లోపల పెట్టి షట్టరు దించే కార్ఖానాలున్నాయి. వాళ్ళలో ఎవరూ మీతో ఏమీ చెప్పరు. చెబితే పని పోతుందని వాళ్ళకు తెలుసు. వాళ్ళ భయం వాళ్ళ చేతుల్లో కనిపిస్తుంది, చూడటం నేర్చుకోవాలి. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదుగా అని మాత్రం దయచేసి అనకండి. మనుషులు లోపల ఉండగా ఏ గదికీ బయటినుంచి తాళం వేయకండి. వాళ్ళ మంచికే అని చెప్పి అసలే వేయకండి.